తహీర్ కొట్టులో బల్ల

విడవలూరు వచ్చినప్పుడల్లా పెంచలమ్మ తహీర్ టీ కొట్టు ముందునుంచే నడిచేది. కాపురానికి వచ్చిన నాటినుంచీ అదే దారి. అప్పట్లో ఆ కొట్టు తహీర్ తండ్రిది, తాటాకు పాక. ఇప్పుడు పెంకుల కప్పు, ముందు రేకుల పంచ, లోపల నీలం సున్నం వేసిన గోడలు, ఒక గోడ పొడుగునా కూర్చునేవాళ్ల ఒరిపిడికి నున్నబడిన బల్ల. పాలు కాగే వాసనా, దంచిన అల్లం వాసనా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టు దాకా వచ్చేవి. ఆ వాసన పీల్చుకుంటూ ఆమె తన పని చూసుకుని పోయేది తప్ప, లోపలికి పోయి కూర్చోవాలని ఏనాడూ అనుకోలేదు. ఎవరూ వద్దని చెప్పలేదు. ఆడవాళ్లు టీ కొట్టులో కూర్చోరు, అంతే. మరీ దాహమైతే పంచ అంచున నిలబడి, గ్లాసు అందుకుని, ఊదుకుంటూ గబగబా తాగేసి కదలాలి. చాలామంది ఆ పాటి కూడా చేయరు.

పెంచలమ్మది పక్క పల్లె. భర్త చంద్రమౌళికి బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం. పట్టాల వెంట నడిచి బాగోగులు చూసే పని. సెలవు దొరికినప్పుడు వచ్చి రెండు పూటలు ఉండి పోతాడు. అందుకని పొలం మొత్తం ఆమె చేతిమీదే నడిచేది. నారు పోయించడం, కూలీలను పిలుచుకోవడం, నీళ్లు పెట్టడం, మందు కొట్టించడం అన్నీ ఆమే. ఆ పనుల్లో ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు. ఒక్క చోటే ఆమెకు ఎప్పుడూ ఆలస్యమయ్యేది. కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఏ ఊరి మళ్లకు దోమ తగిలింది, కోత మిషన్లు ఎప్పుడు దిగుతాయి, ఎవరికి ముందు ఎవరికి వెనక, ఇవన్నీ తహీర్ కొట్టులో బల్ల మీదే తేలేవి. అక్కడ తేలిన సంగతి సాయంత్రానికో మర్నాటికో ఆమె చెవిన పడేది. అప్పటికి చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆమె తరఫున ఆ బల్ల మీద మాట్లాడే మనిషి లేకపోలేదు. చంద్రమౌళి అన్న పద్మనాభయ్య రోజూ పొద్దునా సాయంత్రమూ అక్కడే ఉండేవాడు. తమ్ముడి పొలం సంగతి నేను చూసుకుంటాలే అని ఎప్పుడూ అంటాడు, చూసుకుంటాడు కూడా. కాకపోతే తనది అయిన తర్వాత. అందులో ఆయనకు తప్పేమీ కనిపించేది కాదు. పోయిన ఏడు రెండో పంట కోతలప్పుడు మిషన్ ముందు ఆయన మళ్లలో దిగింది. పెంచలమ్మ వంతు వచ్చేసరికి వాన పట్టుకుంది. చేను నేలమీద పడుకుంది. నీళ్లలో నానిన కంకులు ఏరుకుంటూ ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఎవరిని అనాలో కూడా తెలియలేదు.

ఈ ఏడు భాద్రపదం వచ్చేసరికి చేను బంగారంలా పండింది. వడ్లు ఆరబోసుకునే పట్టలు కొందామని ఒక మధ్యాహ్నం ఆమె విడవలూరు వచ్చింది. పట్టలు బేరమాడి నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చేసరికి సముద్రం వైపునుంచి ఒక్కసారిగా జల్లు దిగింది. పరుగెత్తి తహీర్ కొట్టు రేకుల కిందికి చేరింది. రేకులమీద వాన మోతకు లోపలి మాటలు వినపడడం లేదు. ఈదురుగాలికి జల్లు ఏటవాలుగా కొట్టి చీర కుచ్చెళ్లు తడిసిపోయాయి.

అప్పుడు కొట్టు పక్క సందులో ఉన్న చిన్న తలుపు తెరుచుకుంది. తహీర్ భార్య ముంతాజ్ తల బయటికి పెట్టింది.

"అక్కా, ఆడ నిలబడితే తడిసిపోతావు. లోపలికి రా."

ఆ తలుపు వెనక ఒక చిన్న గది. దానికీ కొట్టుకీ మధ్య పూల గుడ్డ తెర ఒకటి వేలాడుతోంది. ముంతాజ్ సమోసాలు చేసేది అక్కడే. ఒక మూల నూనె బాండీ, పక్కన పల్చగా ఒత్తి ఒకదానిమీద ఒకటి పేర్చిన పిండి పట్టీలు, వెడల్పాటి బేసిన్లో తరిగిన ఉల్లిపాయలు. పొయ్యి వేడికి గది వెచ్చగా ఉంది. ముంతాజ్ పీట వేసి, తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి, తెర సందులోంచి చెయ్యి చాచి ఒక గ్లాసు టీ అందుకుంది.

పెంచలమ్మ ఇంట్లో టీ కాచుకోకపోలేదు. కానీ కూర్చుని, ఇంకో పని మనసులో లేకుండా, ఒకరు కలిపి ఇచ్చిన టీ తాగడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదలు. చిక్కటి పాలు, గొంతులో సన్నగా మండే అల్లం, చివర్న ఏదో యాలకుల జాడ. తడిసిన పాదాలు పొయ్యి వైపు పెట్టుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, వాన వెలిసేదాకా కూర్చుంది. ముంతాజ్ చేతులు ఆగకుండా సమోసాలు చుడుతూనే కబుర్లు చెప్పింది. ఆమె పుట్టిల్లు సూళ్లూరుపేట, స్టేషన్ పక్కనే. చిన్నప్పుడు రైలు కూతల్ని బట్టే నిద్ర లేచేవాళ్లట. పెంచలమ్మ తన భర్తది రైల్వే పని అని చెప్పింది. మీ నాన్నవాళ్లింటి ముందు పోయిన రైళ్లన్నీ మా ఆయన చూసే పట్టాలమీద కూడా పోయుంటాయి అంటే ముంతాజ్ చాలాసేపు నవ్వింది.

వాన తగ్గాక తెర అవతలి మాటలు స్పష్టంగా వినిపించసాగాయి. కోత మిషన్లు తమిళనాడు నుంచి బయల్దేరాయనీ, రెండు అల్లూరు వైపు దిగాయనీ ఎవరో చెబుతున్నారు. ఆ కబురు ఊళ్లో ఎవరికీ ఇంకా తెలియదు. మగవాళ్లతో పాటు అదే నిమిషంలో ఆమెకూ తెలిసింది. ఇంటికి నడుస్తుంటే పట్టల బరువు కూడా తెలియలేదు.

ఆ తర్వాత ఆమెకు విడవలూరులో పనులు ఎక్కువయ్యాయి. గోనెసంచులకని ఒకసారి, కొడవలి సాన పట్టించాలని ఇంకోసారి. వచ్చినప్పుడల్లా సందు తలుపు తట్టేది. ఇంటినుంచి ఒక సొరకాయో, గుప్పెడు కొత్తిమీరో తెచ్చేది. ముంతాజ్ పీట వేసి ఉంచేది. ఒకరోజు పెంచలమ్మ, ముందు బల్ల మీద కూర్చుంటే రోడ్డంతా కనబడుతుంది కదా, నువ్వు ఎప్పుడైనా కూర్చున్నావా అని అడిగింది. ముంతాజ్ కాస్త ఆలోచించి, పొద్దున్నే తుడవడానికి పోతాను, అంతే అంది. అది బాధపడుతూ చెప్పిన మాటేం కాదు. తనకే అప్పుడు తట్టినట్టు చెప్పింది.

ఆ వారంలోనే బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. ఆకాశం ఇంకా తేటగానే ఉంది కానీ గాలి మారింది. ఊళ్లో అందరికీ ఒకేసారి ఆత్రం పట్టుకుంది. మిషన్లు తెప్పించేది నరేంద్రబాబు అనే అతను. అతని ఫోన్ ఎంత మోగినా ఎత్తడం లేదు. ఎత్తడానికి తీరిక ఏదీ, చుట్టూ మూగినవాళ్లకే సమాధానం చెప్పలేకపోతున్నాడు. పెంచలమ్మ పొద్దుటినుంచి ఫోన్ చేసి చేసి, చివరికి కొంగు బిగించి విడవలూరు బయల్దేరింది.

నరేంద్రబాబు తహీర్ కొట్టులోనే ఉన్నాడు. బల్ల నిండిపోయి, మిగిలినవాళ్లు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. పెంచలమ్మ అలవాటు ప్రకారం సందు తలుపు తట్టి వెనక గదిలోకి పోయింది. ముంతాజ్ పీట వేసింది కానీ ఆమె కూర్చోలేదు. తెర దగ్గర నిలబడి వింది.

కాలవ కట్ట మొన్నటి వానకు మెత్తబడిందనీ, దానిమీద మిషన్ ఎక్కితే దిగబడిపోతుందనీ నరేంద్రబాబు చెబుతున్నాడు. ఎవరి పొలాలు గట్టి దారి మీద ఉన్నాయో వాళ్లవే ముందు కోయగలనన్నాడు. ఆ వెంటనే పద్మనాభయ్య గొంతు వినిపించింది. రేపు పొద్దున్నే మిషన్ తన మళ్లకు పంపమంటున్నాడు.

"తమ్ముడిది తర్వాత చూద్దాంలే. పోయినసారి కూడా అట్నే కదా చేసినాం," అన్నాడు ఆయన.

పెంచలమ్మ తెర వెనకనుంచి నరేంద్రబాబూ అని పిలిచింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. నరేంద్రబాబు ముంతాజ్ అనుకున్నాడు కాబోలు, సమోసాలు వద్దులేమ్మా అన్నాడు.

ముంతాజ్ ఆమె ముఖంలోకి చూసింది. చెయ్యి చాచి తెరను పక్కకు లాగి పట్టుకుంది.

పెంచలమ్మ కొట్టులోకి వచ్చింది. ఒక్కొక్కరే ఆమెను చూస్తుండగా, అంతవరకూ సంతలా ఉన్న చోటు నెమ్మదించింది. బల్ల చివర కూర్చున్న ఒక పెద్దాయన ఎందుకో తెలియకుండానే కొంచెం జరిగాడు. ఆమె ఆ జరిగిన చోట కూర్చుంది.

"నరేంద్రబాబూ, కాలవ కట్ట మీద మిషన్ పోదని నువ్వే చెప్తుండావు. మరి మా బావ మళ్లోకి యాడనుంచి పోతది?"

నరేంద్రబాబు మనసులోనే దారి వేసుకుని చూసుకున్నాడు. రోడ్డు పక్కన పెంచలమ్మ మళ్లు. వాటి వెనక పద్మనాభయ్యవి. పోయిన ఏడు కాలవ కట్ట మీదుగా చుట్టి పోయారు. ఈసారి ఆ దారి లేదు.

"మీ దాంట్లోనుంచే పోవాలక్కా," అన్నాడు.

"పండిన చేను తొక్కించుకుంటా పోలేరు కదా. పోతా పోతా నాది కోసుకుంటా పోండి. నాది అయినాక అట్నే బావ మళ్లోకి దిగొచ్చు. రాత్రికే గట్లు తెగ్గొట్టించి దారి చేసి పెడతా. ఇద్దరివీ వానకు ముందే అయిపోతాయి."

అందులో కాదనడానికి ఏమీ లేదు. చివర్న ఎవరో చిన్నగా నవ్వారు, ఆమెను చూసి కాదు, ఇంత తేలిక సంగతి ఎవరికీ తట్టనందుకు. నరేంద్రబాబు సరేనని, డ్రైవర్‌కు అప్పుడే ఫోన్ చేసి అరవంలో చెప్పాడు. తహీర్ మగవాళ్లకు ఇచ్చే గాజు గ్లాసులోనే టీ పోసి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

పద్మనాభయ్య లేచాడు. ఆయన ముఖం కందిపోయింది. కండువా దులిపి భుజాన వేసుకుని, ఎవరివైపూ చూడకుండా మోటార్ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

పెంచలమ్మకు ఆ క్షణంలో లేచి పోవాలనిపించింది. కానీ టీ వేడిగా ఉంది. సగంలో వదిలేసి పరుగెత్తితే తప్పు చేసినట్టవుతుంది. నిదానంగా మొత్తం తాగి, గ్లాసు తీసుకుపోయి తహీర్ చేతికిచ్చి, ఇంటికి నడిచింది.

సాయంత్రం గట్ల దగ్గర కూలీలతో ఉండగా చంద్రమౌళి ఫోన్ చేశాడు. మామూలుగా అతను ఆ వేళ చేయడు.

"అన్న ఫోన్ చేసినాడు," అన్నాడు.

ఆమె పారపట్టిన కూలీలకు దూరంగా వచ్చింది. ఏమన్నాడని అడిగింది.

"నువ్వు తహీర్ కొట్టులో అందరి మధ్యా కూర్చున్నావంట. ఇంటి పరువు గురించి ఏందేందో చెప్పినాడు. చాలాసేపు చెప్పినాడు."

అవతల ఎక్కడో గూడ్సు బండి పోతున్న చప్పుడు వినిపించింది. అది పోయేదాకా అతను ఆగాడు.

"టీ ఎట్టుండింది?" అని అడిగాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత చిన్నగా నవ్వింది.

"బాగుండింది. అల్లం ఘాటు కొంచెం ఎక్కువ."

తహీర్ వాళ్ల నాయన కూడా అంతే వేసేవాడు అన్నాడు చంద్రమౌళి. వాన వస్తే తను లైను మీద కాపలా ఉండాలనీ, సెలవు దొరకదనీ, జాగ్రత్తగా చేసుకోమనీ చెప్పి పెట్టేశాడు.

మర్నాడు తెల్లవారేసరికి, చక్రాలకు బదులు చైన్ పట్టీలున్న కోత మిషన్ రోడ్డు దిగింది. తెగ్గొట్టిన గట్టులోంచి మడిలోకి దిగి, ఒక అంచునుంచి నున్నగా గొరుక్కుంటూ పోయింది. మేఘాలు అప్పటికే తూర్పున గుట్టలు పడుతున్నాయి. ట్రాక్టరు తొట్టిలోకి వడ్లు ధార కడుతుంటే పెంచలమ్మ చేత్తో పట్టి చూసుకుంది. తడి లేదు, తాలు లేదు. పద్మనాభయ్య అవతలి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు కానీ ఆమె వైపు మాత్రం చూడలేదు.

ఆయన భార్య రాఘవమ్మ డ్రైవర్‌కు అన్నం క్యారియరు తెచ్చింది. క్యారియరు గట్టు మీద పెట్టి, భర్త దూరంగా ఉన్నాడని చూసుకుని, వచ్చి తోడికోడలి పక్కన చతికిలబడింది. వయసులో పెద్దది, మోకాళ్ల నొప్పులు. కాసేపు మిషన్‌ను చూస్తూ కూర్చుంది. తిడుతుందేమోనని పెంచలమ్మ ఎదురుచూసింది.

"మేయ్, లోపల ఎట్టుంటదిమే?" అని అడిగింది రాఘవమ్మ గొంతు తగ్గించి.

"యాడ లోపలక్కా?"

"తహీర్ కొట్టు లోపల. ముప్పై ఏండ్లుగా దాని ముందరే పోతుండా. ఆయనేమో పొద్దన లేస్తే ఆడనే. ఏముంటదో ఆడ అని."

పెంచలమ్మ చెప్పింది. నీలం గోడల గురించి, నున్నటి బల్ల గురించి, పొయ్యి దగ్గర తహీర్ టీని ఎత్తి పోసేటప్పుడు ఒక్క చుక్క కింద పడకపోవడం గురించి, ముంతాజ్ సమోసా పట్టీల గురించి. అంతేనా అంది రాఘవమ్మ. అంతే అక్కా అంది పెంచలమ్మ. రాఘవమ్మ మొహంలో కనిపించింది ఆశాభంగమో ఊరటో తెలియలేదు.

మిషన్ పెంచలమ్మ మళ్లు ముగించుకుని పద్మనాభయ్య మళ్లోకి దిగేసరికి గాలి మొదలైంది. ఆమె తన వడ్లమీద పట్టలు కప్పించి, చుట్టూ బరువులు పెట్టించింది. తర్వాత ఇంటికి పోకుండా, మిగిలిన పట్టలు తీసుకుని బావ కళ్లం దగ్గరికి పోయింది. అక్కడ మనుషులు చాలడం లేదు. పట్ట గాలికి తెరచాపలా లేస్తోంది. ఒక కొన పద్మనాభయ్య పట్టుకుని, రెండో కొన అందక అవస్థ పడుతున్నాడు.

"ఆ మూల పట్టుకోమ్మా," అన్నాడు.

ఆమె పట్టుకుంది. ఇద్దరూ లాగి కట్టారు. ఆ రోజు వాళ్ల మధ్య నడిచిన మాట అదొక్కటే. పొద్దు గూకకముందే వాన దిగింది, రెండు రోజులు విడవకుండా కురిసింది. రెండిళ్లవాళ్లకూ ఒక్క గింజ తడవలేదు.

వాన వెలిసి, వడ్లు ఎండి, గడ్డి వాములు వేయడం కూడా అయిపోయాక, ఒక పొద్దున రాఘవమ్మ పెంచలమ్మ గుమ్మంలోకి వచ్చింది. కంటి చుక్కలు అయిపోయాయి, విడవలూరు పోవాలి, తోడు రమ్మంది. చుక్కలు తెచ్చి ఇవ్వడానికి ఇంట్లో మనుషులున్నారు. పెంచలమ్మ ఆ మాట అనలేదు. చీర మార్చుకుని వచ్చింది.

మందుల షాపులో పని చిటికెలో అయిపోయింది. తిరిగి వస్తూ తహీర్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి రాఘవమ్మ నడక మందగించింది. మోకాళ్లు లాగుతున్నాయంది. పెంచలమ్మ ఈసారి సందు వైపు తిరగలేదు. రాఘవమ్మ చెయ్యి పట్టుకుని ముందు గుమ్మంలోంచే తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టింది. కొట్టులో అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లు చూశారు, పేపర్ చదివేవాళ్లు పేపర్లోకి పోయారు, మిగిలినవాళ్లు రోడ్డు చూశారు. తహీర్ రెండు టీలు తెచ్చి పెట్టాడు. ఒళ్లో సంచీ పెట్టుకుని, వీపు గోడకు ఆనీ ఆనకుండా కూర్చున్న రాఘవమ్మ నాలుగు గుక్కలు తాగేసరికి కాస్త వెనక్కి వాలింది.

తెర కదిలింది. ముంతాజ్ ఒక పళ్లెంలో వేడి సమోసాలు తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది. పెట్టి వెళ్లిపోబోతుంటే పెంచలమ్మ ఆమె కొంగు పట్టుకుని, పక్కన చోటు చూపించింది. ముంతాజ్ భర్త వైపు చూసింది. తహీర్ పాలు కలియబెడుతున్నాడు. తల తిప్పకుండానే ఇంకో గ్లాసు కడిగి, టీ పోసి, బల్ల మీద మూడో చోట పెట్టాడు. ముంతాజ్ కూర్చుంది. రోజూ తుడిచే బల్లే అయినా దాన్ని చేత్తో ఒకసారి తడిమి చూసింది. ఆడనుంచి రోడ్డు నిజంగానే బాగా కనబడుతోందని అంది.

వాళ్లు అలా ఉండగానే పద్మనాభయ్య మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. ఆయన స్టాండు వేసి, చెప్పులు విదిలించి, గుమ్మంలో కాలు పెట్టి ఆగిపోయాడు. బల్ల మీద మరదలు, ఆమె పక్కన తన భార్య, ఆ పక్కన ముంతాజ్. వెనక్కి పోవడానికి లేదు, అందరూ చూశారు. లోపలికి రావడానికి కాలు కదలడం లేదు. రాఘవమ్మ సమోసా నమలడం ఆపలేదు. మింగి, మంచినీళ్లు తాగి, నిదానంగా చెప్పింది.

"ఆడ నిలబడితే వచ్చేపోయేవాళ్లకు అడ్డం. వచ్చి కూర్చో."

ఆయన వచ్చాడు. వాళ్ల పక్కన కాదు, బల్ల ఆ చివర, పేపర్ చదివే ఆయన అవతల. తహీర్ టీ ఇచ్చాడు. చాలాసేపు గ్లాసులోకి చూస్తూ తాగాడు. పాలు పొంగే చప్పుడు, బాండీలో నూనె చిటపట మాత్రమే.

"పై పంటకు నారు ఏం పోయిస్తుండావమ్మా?" అని అడిగాడు పద్మనాభయ్య. ఎవరిని అడిగాడో ముందు ఎవరికీ అర్థం కాలేదు.

పెంచలమ్మ చెప్పింది. ఈసారి సన్న గింజ రకం చూద్దామనుకుంటున్నానంది. అది మన నేలకు ఆగుతుందా అన్నాడు ఆయన. పేపర్ చదివే ఆయన తల ఎత్తి, మావాళ్లు పోయిన ఏడు వేశారు, గాలికి పడిపోతుందన్నాడు. గోడ దగ్గర నిలబడ్డ ఇంకొకరు కాదన్నారు. పెంచలమ్మ యూరియా ఎక్కువైతేనే పడుతుందంది. మాట అటూ ఇటూ పోయింది. బల్ల ఆ చివరనుంచి ఈ చివరకు వినపడక పద్మనాభయ్య రెండుసార్లు ముందుకు వంగాల్సి వచ్చింది. మూడోసారి లేచి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

ఊరికి పోయే ఆటో వచ్చి బయట ఆగింది. డ్రైవర్ తొంగి చూసి, వస్తారా అమ్మా అని అడిగాడు. రాఘవమ్మ ఖాళీ గ్లాసును తహీర్ వైపు జరిపింది.

"నువ్వు పో నాయనా, ఇంకో ఆటోకు వస్తాం," అంది. "తహీరూ, ఇంకొకటి పొయ్. ఈసారి చక్కెర తగ్గించు."